మైఎస్‌క్యూఎల్ ఇన్‌స్టాల్ చేస్తే ఎర్రరా? తీసేయకండి, ముందు ఈ ఫైల్ తెరవండి

అందరికీ నమస్కారం, విజయనగరం నుంచి. ఈరోజు రివ్యూ విండోస్‌కి వచ్చే మైఎస్‌క్యూఎల్ 8.0 ఇన్‌స్టాలర్. మైఎస్‌క్యూఎల్ అంటే సమాచారాన్ని టేబుల్స్‌గా దాచే డేటాబేస్ సాఫ్ట్‌వేర్. డీబీఎంఎస్ (డేటాబేస్) ల్యాబ్ మొదలైతే చాలు, మన కాలేజీల పిల్లల స్క్రీన్‌షాట్లు వరుస కడతాయి. "అన్నా, తీసేసి మళ్లీ వెయ్యమంటావా?" వద్దమ్మా, ఆగండి.

డౌన్‌లోడ్ పేజీలో రెండు ఫైళ్లుంటాయి. చిన్నది వెబ్ ఫైల్. అది ఇన్‌స్టాల్ మధ్యలో మళ్లీ నెట్ వాడుకుంటుంది. హాస్టల్లో ఫోన్ హాట్‌స్పాట్ మీద చేసేవాళ్లు పెద్దదే దించుకోండి.

ఇక ఎర్రర్లు. ముందు నంబర్ చూడండి. 1045 అంటే ఇంట్లో మనిషి ఉన్నారు, మిమ్మల్ని రానివ్వట్లేదు: పాస్‌వర్డ్ తప్పు. 10061 అంటే అసలు ఇంట్లో ఎవరూ లేరు: సర్వర్, అంటే వెనకాల నడుస్తూ డేటా ఇచ్చే ప్రోగ్రామ్, నడవట్లేదు. 10061 వస్తే ఎన్ని పాస్‌వర్డ్లు కొట్టినా లాభం లేదు. విండోస్ సెర్చ్‌లో సర్వీసెస్ అని కొట్టి తెరిచి, అందులో మైఎస్‌క్యూఎల్80 స్టార్ట్ చెయ్యండి.

స్టార్ట్ కూడా అవ్వట్లేదా? స్క్రీన్ చూడండి. సీ డ్రైవ్, ప్రోగ్రామ్‌డేటా. ఇది దాచిన ఫోల్డర్, వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్ పెడితేనే కనిపిస్తుంది. లోపల మైఎస్‌క్యూఎల్, అందులో మైఎస్‌క్యూఎల్ సర్వర్ 8.0, అందులో డేటా. మీ కంప్యూటర్ పేరుతో, చివర డాట్ ఈఆర్ఆర్ ఉన్న ఫైల్. నోట్‌ప్యాడ్‌లో తెరిచి అడుగుకి వెళ్లండి. ఇదిగో, "పోర్ట్ 3306 మీద ఇంకో సర్వర్ నడుస్తోందా?" అని ఇంగ్లీషులో అదే అడుగుతోంది! పోర్ట్ అంటే సర్వర్ వినే తలుపు నంబర్, ఒక తలుపు దగ్గర ఒక్కరే ఉండగలరు. ఈ ల్యాప్‌టాప్‌లో ఎగ్జాంప్ (XAMPP) ఉంది, వెబ్‌సైట్లు సొంత కంప్యూటర్లో నడిపి చూసుకునే ప్యాకేజీ. దాంతో వచ్చే మరియాడీబీ అనే ఇంకో డేటాబేస్ సర్వర్‌కీ అదే పోర్ట్. ఎగ్జాంప్‌లో అది ఆపేసి, మన సర్వీస్ స్టార్ట్ చేస్తే... వచ్చింది, రన్నింగ్.

తీసేసి మళ్లీ వేస్తే ఎందుకు కుదరదంటే, ఆ డేటా ఫోల్డర్ చాలాసార్లు అక్కడే మిగిలిపోతుంది. పాత రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) పాస్‌వర్డ్ అందులోనే ఉంటుంది. కొత్తది పెట్టామనుకుంటారు, మళ్లీ 1045. ల్యాబ్ టేబుల్స్ ఏవీ లేకపోతే, అన్‌ఇన్‌స్టాల్ అయ్యాక ఆ ఫోల్డర్ పేరు మార్చి, అప్పుడు వెయ్యండి. డిలీట్ మాత్రం చెయ్యొద్దు.

నా మాట: ఇన్‌స్టాలర్ బాగుంది, కొత్తవాళ్లకి సులువే. కానీ సర్వర్ లేవకపోతే కారణం ఫలానా ఫైల్లో ఉందని ఎదురుగా చూపించాలి కదా. అది చాలా పెద్ద లోటు.

2024లో వచ్చిన 8.4 వేసుకునేవాళ్లకి ఈ ఇన్‌స్టాలర్ ఉండదు. ఎంఎస్ఐ (విండోస్ ఇన్‌స్టాల్ ఫైల్) వేసి, సర్వర్‌ని సెట్ చేసే కాన్ఫిగరేటర్ నడపాలి. ఫోల్డర్ పేరులో 8.0 బదులు 8.4 ఉంటుంది, ఈఆర్ఆర్ ఫైల్ కోసం అందులోనే వెతకండి.