ఏం తిన్నావని అడగడం ఆపండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా పలకరించాలి గానీ టైం తక్కువ, మన్నించండి.

ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లు ఏం తినాలో చెప్పమన్నారు. చెబుతాను. ముందు ఒక్క మాట. నా నొప్పి గురించి చెప్పుకున్న మొదటి డాక్టర్ సగం విని, "బయటి తిండి మానెయ్యమ్మా, కాస్త నడువు" అన్నారు. మానేశాను, నడిచాను. నెలసరి వస్తే మాత్రం కడుపు పట్టుకుని నేల మీదే పడి ఉండేదాన్ని. ఇంట్లోవాళ్లు అడిగేది ఒకటే: "నిన్న ఏం తిన్నావ్?" అసలు జబ్బు పేరు తెలిసేసరికి ఏళ్లు గడిచిపోయాయి.

ఈ జబ్బులో గర్భాశయం లోపలి పొరను పోలిన కణజాలం గర్భాశయం బయట, అండాశయాల మీద, ఒక్కోసారి పేగుల మీద పెరుగుతుంది. పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లలో దాదాపు 10 శాతం మందికి ఇది ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. తిండి వల్లే వస్తుందని ఎవరూ రుజువు చెయ్యలేదు. ఎవరూ!

సరే, తిండి సంగతి. అమెరికాలో దాదాపు 70 వేల మంది నర్సులను ఏళ్ల తరబడి గమనించి 2010లో ఫలితాలు ప్రచురించారు. వనస్పతి లాంటి వాటిలో ఉండే ట్రాన్స్ ఫ్యాట్స్ అనే కొవ్వులు ఎక్కువ తిన్నవాళ్లలో ఈ జబ్బు ఎక్కువగా, చేపల్లో ఉండే ఒమేగా-3 అనే కొవ్వు ఎక్కువ తీసుకున్నవాళ్లలో తక్కువగా బయటపడింది. ఒకదానికొకటి సంబంధం ఉందనే దీని అర్థం. ఉన్న జబ్బు చేపలతో నయమవుతుందని కాదు. కడుపు ఉబ్బరం బాగా ఉన్న కొందరికి, పేగుల్లో గ్యాస్ పుట్టించే పిండిపదార్థాలు కొన్నాళ్లు తగ్గిస్తే సుఖంగా ఉంటుంది. అదీ డైటీషియన్ చెప్పినట్టు చెయ్యాలి. ఒంటికి పడినంత వ్యాయామం నిద్రకీ మనసుకీ మంచిదే. అయినా, నొప్పి తగ్గడానికి ఫలానా ఆహారమే తినమని సిఫారసు చేసేంత ఆధారం లేదని యూరప్ నిపుణుల 2022 మార్గదర్శకాలు తేల్చాయి.

అందుకే అడుగుతున్నాను, పాలు వద్దు, గోధుమ వద్దు, అది వద్దు ఇది వద్దంటూ ఈ జబ్బున్న ఆడమనిషి కంచం ఖాళీ చేస్తారెందుకు? రక్తస్రావం ఎక్కువై ఐరన్ తగ్గిపోయే అవకాశం ఉన్న మనిషి ఆమె! కడుపు నిండా తిననివ్వండి. వెనక వరుసల్లో కూర్చున్న భర్తలూ, అన్నదమ్ములూ, మీతోనే మాట్లాడుతున్నాను. నొప్పి ఏ రోజు వచ్చింది, ఎంతసేపు ఉంది, విరేచనానికి వెళ్తే పెరిగిందా, ఇవన్నీ ఆమెతో కలిసి రాసి పెట్టండి. ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లండి. స్కాన్ నార్మల్ అని వచ్చినా ఈ జబ్బు ఉండొచ్చు. నొప్పి తగ్గకపోతే ఇంకో డాక్టర్‌కి చూపించండి.