భుజాన పాలపిట్ట

శ్రోతలకు నమస్కారం.

ప్రకృతి అంశంగా బడిలో ధరించే కళ పోటీ అనగానే పిల్లలు అట్టలూ జిగురూ ముందేసుకుంటారు. న్యూజిలాండ్‌లోని నెల్సన్ ప్రాంతంలో 1987లో ఇలాంటి ప్రదర్శన మొదలైంది. కళను గోడకు తగిలించడం కాదు, ఒంటికి తొడగడం. ఒంటికి తొడగడం అన్న మాట గుర్తుంచుకోండి.

మన హైదరాబాద్ పిల్లలకు తంగేడుంది, మోదుగ ఉంది. నేను మాత్రం పాలపిట్ట గురించే చెబుతాను. తీగ మీద కూర్చున్నప్పుడు మట్టిరంగు పిట్ట. రెక్క విప్పిందా, నీలమే నీలం! దుస్తు కూడా అంతే: చేయి దించితే గోధుమరంగు, ఎత్తితే నీలం.

నిజం ఈకలు వద్దు. దసరాకు పంజరంలో పిట్టను తిప్పేవాళ్ల దగ్గర అసలే వద్దు. దాన్ని పట్టడమే నేరం. వీధిలో టైలరును అడగండి, నీలం లైనింగు ముక్కలు దొరుకుతాయి.

ఈక జానెడు పొడవు, మూడువేళ్ల వెడల్పు. రెండు పొరల మధ్య కొబ్బరి చీపురుపుల్ల పెట్టి కుట్టాలి. పుల్ల కొస ఈక అంచుకు వేలెడు ఇవతలే ఆగాలి, లేకపోతే పక్కవాళ్లకు గుచ్చుకుంటుంది. రెక్కకు 40 ఈకలు చాలు. పాత గోధుమరంగు చొక్కాకు మణికట్టు నుంచి నడుము దాకా ఒక గుడ్డ కుట్టి, దాని మీద ఈకలు కింది వరస నుంచి పైకి వేయండి, ఇంటిమీద పెంకులు పేర్చినట్టు. పైనుంచి మొదలుపెడితే కుట్లన్నీ బయటికి కనిపిస్తాయి. పుల్లకూ పుల్లకూ మధ్య వేలెడు సందు ఉంటేనే రెక్క విసనకర్రలా మడుచుకుంటుంది. గ్లూగన్‌ను నమ్ముకోకండి, నున్నటి లైనింగు మీద ఆ జిగురు పొరలా లేచిపోతుంది. సూదీ దారమే మేలు.

ఇక ఎక్కువగా దెబ్బతినేది చంక దగ్గర. చేయి దించి కొలత తీస్తారు. వేదిక మీద మొదటిసారి చేయెత్తగానే కుట్టు పర్రుమంటుంది. అందుకే కొలత చేయెత్తి తీసుకోండి. మళ్లీ చెబుతున్నాను, చేయెత్తి, ఆపైన మరో నాలుగు వేళ్లు వదులుగా. మోచేతి దగ్గర గుడ్డను బిగించి కుట్టొద్దు, ఎలాస్టిక్ వేయండి. అమ్మానాన్నలూ, పోటీకి రెండు రోజుల ముందు పిల్లచేత పావుగంట వేయించి చూడండి. కూర్చోవాలి, మెట్లెక్కాలి, పదిసార్లు చేయెత్తాలి. తర్వాత దుస్తు తిరగేసి చంక కుట్టు చూడండి. దారం ఒక్కచోట లాగినట్టున్నా అక్కడ రెండో కుట్టు వేయండి. పోటీరోజు సంచిలో ఐదారు ఈకలు, నీలం దారం ఎక్కించిన సూది, పది పిన్నీసులు ఉంచుకోండి.