సఫర్‌కి ఫ్రమ్ ఎప్పుడు పెట్టాలి? బాధల గురించి రాసే ఇంగ్లీషు జతమాటలు

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం, విజయనగరంలో పరీక్షలకి చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈరోజు కష్టం, బాధ గురించి రాసేటప్పుడు ఇంగ్లీషులో ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో చూద్దాం.

ఇవిగో, స్క్రీన్ మీద. ఎండ్యూర్ హార్డ్‌షిప్, కష్టాలు ఓర్చుకోవడం. ఈజ్ ద పెయిన్, నొప్పి తగ్గించడం. డీప్ సారో, తీవ్రమైన దుఃఖం. అన్‌టోల్డ్ మిజరీ, చెప్పలేనంత బాధ. ఇవి తేలికే. స్క్రీన్‌షాట్ తీసుకోండి, ముందుకెళ్దాం.

ఇప్పుడు సఫర్. ఇక్కడ ఆగుదాం. ఈ వాక్యం చూడండి. మెనీ పీపుల్ ఇన్ ఉద్దానం సఫర్ ఫ్రమ్ కిడ్నీ డిసీజ్. ఫ్రమ్ ఉంది, చూశారా? జబ్బు మనిషిని పట్టుకునే ఉంది, అందుకే ఫ్రమ్.

రెండోది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. జీడితోటలు, కొబ్బరితోటలు నేలకూలాయి. ద ఫార్మర్స్ సఫర్డ్ హెవీ లాసెస్. ఇదిగో, కర్సర్ ఇక్కడ పెట్టాను. సఫర్డ్ తర్వాత నేరుగా హెవీ లాసెస్, మధ్యలో ఏటీ లేదు. నష్టం, గాయం, ఓటమి, ఇలా వచ్చి మీద పడినవాటికి ఫ్రమ్ పెట్టం.

మరి గుండెపోటు జబ్బే కదా? జబ్బే, కానీ ఒక్కసారిగా వచ్చి పడేది. సఫర్డ్ ఎ హార్ట్ అటాక్. ఫ్రమ్ లేదు. జ్వరానికి మాత్రం సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్. లీవు లెటర్లలో విత్ ఫీవర్ అని కనిపిస్తుంటుంది, పరీక్షలో ఫ్రమ్ రాయండి.

అన్నట్టు, నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. గూగుల్ ఎన్‌గ్రామ్ వ్యూయర్ తెరిచి, సఫర్ హెవీ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, స్టార్ గుర్తు పెట్టండి. పుస్తకాల్లో ఆ పక్కన ఎక్కువగా వచ్చిన మాటలు చూపిస్తుంది. ఒంటి మాటల లిస్టులు బట్టీపట్టే కంటే ఇదే మేలు.

ఇంకొక్కటి, చాలా జాగ్రత్త. పుట్ హిమ్ అవుట్ ఆఫ్ హిజ్ మిజరీ. బాధ నుంచి బయటపడేయడం అనుకుని రోగి గురించి రాసేయకండి. నొప్పితో కొట్టుకుంటున్న జంతువుని చంపేయడానికి వాడే మాట అది. రిజల్టు చెప్పకుండా ఊరించి, చివరికి చెప్పేయడానికీ వాడతారు. మన ఉద్దానం రోగుల గురించి రాసేటప్పుడు ఆ మాట పడితే ఎంత ఘోరంగా ఉంటుందో ఆలోచించండి. వాళ్లకి రిలీవ్ ద సఫరింగ్ అని రాయాలి.

ఇప్పుడు వీడియో ఆపి, పలాస కిడ్నీ ఆసుపత్రి మీద రిలీవ్‌తో ఒక వాక్యం రాయండి. రాశారా? నాది ఇదీ: ద హాస్పిటల్ ఇన్ పలాస రిలీవ్స్ ద సఫరింగ్ ఆఫ్ డయాలసిస్ పేషెంట్స్.