సీసాలో చిత్రమూలం

శ్రోతలందరికీ నమస్కారం.

మన తూర్పు కనుమల తుప్పల్లో తెల్లగా పూసే ఓ మొక్క ఉంది. పువ్వు కిందుండే పచ్చటి గొట్టాన్ని ముట్టుకుంటే వేలికి జిగురు అంటుకుంటుంది. అదే చిత్రమూలం. దాని మందంతా వేరులోనే ఉంది. వేరు కోసం తవ్వితే మొక్క అక్కడితో సరి. నాకు బాధగా ఉండేది అక్కడే.

ల్యాబ్‌లో అయితే కొత్త మొక్కలు పెంచడానికి ఒక్క కణుపు ముక్క చాలు. మందునీళ్లలో క్రిములు పోయేలా కడిగి, జెల్లీ లాంటి ఆహారంలో నిలబెడతాం. 1962లో మురాషిగె, స్కూగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పొగాకు మొక్కల మీద పనిచేస్తూ కట్టిన కూర్పు అది. లవణాలు, విటమిన్లు, లీటరుకు 30 గ్రాముల పంచదార, గడ్డకట్టడానికి సముద్రపు నాచు నుంచి తీసిన అగర్. పంచదార మొక్కకెంత ఇష్టమో బూజుకూ అంతే ఇష్టం. అసలే మన విశాఖ గాలి చెమ్మ గాలి, వానాకాలం వస్తే మాకు టెన్షనే. సీసాలో ఓ మూల దూది పింజంత తెలుపు కనిపించిందా, ఆ సీసా పారబోయాల్సిందే.

సైటోకైనిన్ అనే హార్మోను కలిపితే కణుపు దగ్గర పిలకలు గుత్తిగా లేస్తాయి. వాటిని విడదీసి ఆక్సిన్ అనే ఇంకో హార్మోను ఉన్న సీసాల్లోకి మారిస్తే వేర్లు పడతాయి. అసలు కష్టం బయటికి తీశాకే. సీసాలో పెరిగిన ఆకు మీద మైనపు పూత పలుచన, ఎండ తగిలితే గంటలో వాడిపోతుంది. అందుకే కవరు కప్పి, రోజుకి కాస్త చొప్పున తెరుస్తాం.

వేరులో మందుగా పనిచేసే పసుపుపచ్చ పదార్థం పేరు ప్లంబాజిన్. వేరు సారం బలం ఎంతో ఇలా చూస్తాం. పుండ్లలో చీము పట్టించే స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియాను పళ్లెంలో పరిచి, వేరు సారంలో తడిపిన 6 మిల్లీమీటర్ల కాగితపు బిళ్లను మధ్యలో పెట్టి, 37 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచుతాం. తెల్లారేసరికి పళ్లెమంతా మసకగా ఉంటుంది, బిళ్ల చుట్టూ మాత్రం గుండ్రంగా ఖాళీ. అక్కడ బ్యాక్టీరియా పెరగలేదన్నమాట. ఈ.కోలై లాంటి కొన్ని బ్యాక్టీరియాలకు పైన ఇంకో పొర ఉంటుంది కాబట్టి అవి అంత తేలిగ్గా లొంగవు.

అమ్మలూ, అయ్యలూ, ఒక్క మాట. ఆ ఖాళీ వలయం పళ్లెంలోది, మన ఒంట్లోది కాదు. పచ్చి వేరు నూరి పూస్తే చర్మం బొబ్బలెక్కుతుంది. గర్భిణులు లోపలికి తీసుకుంటే గర్భానికే ముప్పు. ఆయుర్వేద వైద్యులు కూడా దాన్ని సున్నపు తేటలో నానబెట్టి, శుద్ధి చేశాకే వాడతారు.

మా షేడ్‌నెట్ కింద ట్రేల్లోని మొక్కలకు ఇప్పుడు నాలుగేసి కొత్త ఆకులొచ్చాయి. వాటిని మడుల్లోకి మార్చాలి. వేరు ఊరి, పసుపు తేరేదాకా ఆగాలి.