బర్మా కందులు పండే ఊళ్లలో ఏం జరుగుతోంది?

[తెర మీద: కర్నూలు మార్కెట్ యార్డు, కంది బస్తాలు]

నమస్తే. కర్నూలు నుంచి మాట్లాడుతున్నాను. కంది, మినుము వేసే రైతులకు "బర్మా సరుకు" అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. పత్తికొండ, ఆలూరు వైపు కంది కోతలు మొదలవగానే, రేవులో బర్మా కందులు దిగాయా లేదా అన్న మాట కూడా మొదలవుతుంది. ధర పడితే ముందు తిట్టేది ఆ సరుకునే.

ఆ కందులు పండించే రైతు ఎవరో, అతని ఊరి పరిస్థితి ఏంటో ఈ వీడియోలో చూద్దాం.

[తెర మీద: మయన్మార్ పటం, మధ్య భాగం రంగు వేసి]

బర్మా అంటే ఇప్పటి మయన్మారే. ఈ మధ్యలో ఉన్న ప్రాంతాలు సగాయింగ్, మాగ్వే, మాండలే. పడమటి కొండలు వర్షపు మబ్బులను అడ్డుకుంటాయి కాబట్టి ఇక్కడ వాన తక్కువ. పండేది కంది, వేరుశెనగ బుడ్డలు, నువ్వులు, పత్తి. చూస్తుంటే మన సీమను తీసుకెళ్లి అక్కడ పెట్టినట్టు ఉంటుంది. ఉండేది ఎక్కువగా బమార్లు. దేశ జనాభాలో దాదాపు మూడింట రెండు వంతులు వాళ్లే. సైన్యంలో పెద్ద పదవులు దాదాపు అన్నీ వాళ్లవే, సిపాయిలు ఎక్కువగా వచ్చేదీ ఈ పల్లెల నుంచే.

2021 తర్వాత ఆ సైన్యమే ఈ పల్లెలను తగలబెట్టింది. యుద్ధ విమానాలు పంపి బాంబులు వేయించింది.

2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం లాక్కుంది. అదే ఏడాది జూన్‌లో మన దేశం మయన్మార్‌తో ఒప్పందం చేసుకుంది. ఏడాదికి 2.5 లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు, ఐదేళ్లపాటు. ఆ వ్యాపారం ఆపేయాలని నేను అనడం లేదు, అక్కడి రైతుకూ బతుకు అదే. కానీ ఆ బస్తా వెనక ఉన్నది మన దగ్గర ధరల గొడవగానే మిగిలిపోవడం నాకు నచ్చలేదు. అందుకే ఈ వీడియో.

సొంత జనం మీద, అదీ మెజారిటీ జనం మీద, సైన్యం ఎందుకు బాంబులు వేస్తుంది? దీనికి జవాబు 2021లో దొరకదు. అంతకు ముందు అరవై ఏళ్లు వేరే జనాల మీద ఏం చేసి నేర్చుకుందో చూడాలి.

[తెర మీద: 1947, పాంగ్‌లాంగ్]

1947 ఫిబ్రవరి 12న పాంగ్‌లాంగ్ అనే చిన్న ఊళ్లో బర్మా స్వాతంత్య్ర పోరాట నాయకుడు ఆంగ్ సాన్, కొండ జాతులైన షాన్, కచిన్, చిన్ నాయకులు కలిసి సంతకాలు పెట్టారు. స్వాతంత్య్రం వచ్చాక కొండ ప్రాంతాల పాలన వాళ్ల చేతుల్లోనే ఉంటుందన్నది మాట. జూలై 19న ఆంగ్ సాన్‌ను కాల్చి చంపారు. 1948 జనవరి 4న స్వాతంత్య్రం వచ్చింది, ఇచ్చిన మాట మాత్రం కాగితం మీదే ఉండిపోయింది. 1949లో కరెన్ జాతి ఆయుధాలు పట్టింది. రాష్ట్రాలకు ఎక్కువ అధికారాలు ఇవ్వాలని 1962లో ఇప్పటి యాంగాన్ అయిన రంగూన్‌లో చర్చలు జరుగుతుంటే, మార్చి 2న జనరల్ నే విన్ ప్రభుత్వాన్ని కూలదోశాడు. దేశం ముక్కలైపోతుందన్నది ఆయన చెప్పిన కారణం. ఆ తర్వాత వచ్చిన ప్రతి జనరల్ దాన్నే వాడుకున్నాడు.

[తెర మీద: రంగూన్ రేవు]

నే విన్ కాలంలో వెళ్లగొట్టబడినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసినవాళ్లు, బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లు చాలామంది గోదావరి, విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లిన కూలీలు. మన సీమ నుంచి వెళ్లింది తక్కువ. 1930 మేలో రేవు కూలీల సమ్మె బర్మా కూలీలతో పెద్ద గొడవగా మారి, ఎంతోమంది తెలుగు కూలీలు చనిపోయారు. అప్పుడు ఉన్నది తెల్లవాళ్ల పాలన. ఒకే పనికి ఇద్దరు పేదవాళ్లను పోటీ పెట్టి లాభపడింది వాళ్లే.

నే విన్ వచ్చాక అంగళ్లన్నీ ప్రభుత్వం చేతిలోకి వెళ్లాయి. 1964లో 50, 100 చాట్ నోట్లు చెల్లవన్నారు. ఆ ఏళ్లలో దాదాపు 3 లక్షల మంది భారతీయులు దేశం వదిలారు. చాలామంది ఓడలెక్కి చేతిలో ఏమీ లేకుండా మద్రాసు, విశాఖ రేవుల్లో దిగారు. విశాఖలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఉంది.

వాళ్లు వెళ్లిపోతుంటే పెద్దగా ఎవరూ అడ్డుపడలేదు. విదేశీయులే కదా అనుకున్నారు.

కొండల్లో అప్పుడే ఇంకో పద్ధతి మొదలైంది. తిరుగుబాటు చేసేవాళ్లకు తిండి, డబ్బు, సమాచారం, కొత్త మనుషులు, ఈ నాలుగూ అందకుండా చేయాలి. వాటిని అందించేది ఊరే కాబట్టి ఊరినే లేకుండా చేయాలి. ధాన్యం కాల్చేయడం, ఇళ్లు కాల్చేయడం, జనాన్ని తరిమేయడం. దీన్ని "నాలుగు కోతలు" అన్నారు. కరెన్ కొండల్లో, కచిన్‌లో, షాన్‌లో ఏళ్లకేళ్లు నడిచింది. మైదానంలో ఉన్నవాళ్లకు అది దూరంగా ఎక్కడో జరిగే వార్త.

[తెర మీద: రఖైన్ రాష్ట్రం, నాఫ్ నది]

ఇక రోహింగ్యాలు, అంటే రఖైన్ రాష్ట్రంలోని ముస్లింలు. హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు వాళ్ల గుడిసెలు చూసినవాళ్లు మనలో చాలామందే ఉంటారు. వాళ్ల గురించి మన ఫోన్లలో తిరిగే ఫార్వర్డులు కూడా చూసే ఉంటారు. వాటిని కాసేపు పక్కన పెట్టండి.

1978లో ఒక సైనిక ఆపరేషన్‌తో 2 లక్షల మందికి పైగా బంగ్లాదేశ్ పారిపోయారు. చాలామందిని తిరిగి పంపారు. 1982లో కొత్త పౌరసత్వ చట్టం వచ్చింది. 1823కు ముందు నుంచీ ఉన్న జాతులకే పూర్తి పౌరసత్వం, అంటే ఇంగ్లీషువాళ్లతో మొదటి యుద్ధానికి ముందు. ప్రభుత్వం గుర్తించిన 135 జాతుల జాబితాలో రోహింగ్యాల పేరు లేదు. 1991, 92ల్లో మళ్లీ రెండున్నర లక్షల మంది వలసపోయారు. మిగిలినవాళ్లు పక్క ఊరికి వెళ్లాలన్నా, పెళ్లి చేసుకోవాలన్నా అధికారి అనుమతి కావాలి. కొన్నిచోట్ల ఇద్దరు పిల్లలకు మించి కనకూడదని ఆంక్ష.

2017 ఆగస్టు 25న రోహింగ్యా సాయుధులు పోలీసు పోస్టుల మీద దాడి చేశారు. బదులుగా సైన్యం ఊళ్లకు ఊళ్లు కాల్చింది. 7 లక్షల మందికి పైగా నాఫ్ నది దాటి బంగ్లాదేశ్ వెళ్లారు.

ఇన్ డిన్ అనే ఊళ్లో 10 మంది రోహింగ్యా మగవాళ్లను చంపి ఒకే గోతిలో పూడ్చారు. ఆ సంగతి బయటపెట్టిన ఇద్దరు రాయిటర్స్ విలేకరులు, వా లోన్, చా సో ఊ, 500 రోజులకు పైగా జైల్లో ఉన్నారు. ఆ హత్యలకు ఏడుగురు సైనికులకు పదేళ్ల శిక్ష వేసి, ఏడాది కూడా తిరగకముందే వదిలేశారు. చంపినవాళ్ల కంటే రాసినవాళ్లే ఎక్కువ కాలం జైల్లో ఉన్నారు. ఈ కథలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

అప్పుడు బమార్లలో ఎక్కువమంది సైన్యాన్నే నమ్మారు. 2019 డిసెంబర్‌లో అప్పుడు ప్రభుత్వాన్ని నడుపుతున్న ఆంగ్ సాన్ కూతురు ఆంగ్ సాన్ సూచీ స్వయంగా హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లి దేశం తరఫున వాదించింది. ఆమెకు మద్దతుగా ఊరేగింపులు జరిగాయి.

పద్నాలుగు నెలలు తిరగకముందే అదే సైన్యం ఆమెను అరెస్టు చేసింది.

[తెర మీద: 2021 ఫిబ్రవరి, రాత్రి వీధి, గిన్నెల చప్పుడు]

2020 నవంబర్ ఎన్నికల్లో ఆమె పార్టీ 476 సీట్లలో 396 గెలిచింది. ఓట్లలో మోసం జరిగిందని సైన్యాధిపతి జనరల్ మిన్ ఆంగ్ హ్లయింగ్ అధికారం తీసుకున్నాడు. మర్నాడు రాత్రి యాంగాన్‌లో జనం ఇళ్ల బాల్కనీల్లోకి వచ్చి గిన్నెలు, మూకుళ్లు మోగించారు. చప్పుడు చేస్తే ఇంట్లో దయ్యం పారిపోతుందని అక్కడి ఆచారం. రోజూ రాత్రి అదే మోత.

ప్రభుత్వ ఆసుపత్రుల డాక్టర్లు, నర్సులు ముందు డ్యూటీ మానేశారు. వెనకే టీచర్లు, రైల్వేవాళ్లు, బ్యాంకు ఉద్యోగులు. ఇది చాలా పెద్ద త్యాగం. రైల్వేవాళ్లు ఉండేది ప్రభుత్వ క్వార్టర్సులో, సమ్మె చేస్తే ఆ ఇల్లు కూడా పోతుంది. నిజంగానే వాళ్లను కుటుంబాలతో సహా ఖాళీ చేయించారు. జనం కరెంటు బిల్లు కట్టడం మానేశారు, లాటరీ కొనడం మానేశారు. సైన్యానికి వాటా ఉందని మయన్మార్ బీరు తాగడం కూడా మానేశారు. సైన్యానికి డబ్బు వచ్చే దారి ఎక్కడ కనబడితే అక్కడ అడ్డుపడ్డారు.

ఆడవాళ్లు ఇంకో పని చేశారు. తాము కట్టుకునే లుంగీ కింద నుంచి వెళ్తే మగవాడి బలం పోతుందని అక్కడ ఒక నమ్మకం. వీధికి అడ్డంగా తీగలు కట్టి ఆ లుంగీలు ఆరేశారు. సిపాయిలు ఆగి, వాటిని ఒక్కొక్కటే తీసుకుంటూ రావాల్సి వచ్చింది. ఆలోపు నిరసనకారులు గల్లీల్లోకి తప్పుకునేవాళ్లు. ఆడవాళ్లను తక్కువ చేసే నమ్మకాన్నే వీధి కాపలాకు వాడుకున్నారు. ఎంత తెలివి!

సైన్యం తూటాలతో జవాబు ఇచ్చింది. ఫిబ్రవరి 9న రాజధాని నేపిడాలో మ్యా త్వె త్వె ఖైన్ అనే అమ్మాయి తలకు తూటా తగిలింది. ఆసుపత్రిలో ఇరవయ్యో పుట్టినరోజు గడిచింది, 19న చనిపోయింది. మార్చి 27న సైనిక దినోత్సవం. ఆ ఒక్కరోజే వందమందికి పైగా చనిపోయారు.

ఆ వారాల్లోనే ఒక పెద్ద మార్పు వచ్చింది. బమార్ యువత సోషల్ మీడియాలో, ప్లకార్డుల మీద రోహింగ్యాలకు క్షమాపణ చెప్పడం మొదలుపెట్టారు. "మీ మీద ఏం జరిగిందో మాకు ఇప్పుడు అర్థమైంది" అన్నది దాని సారం. గెలిచిన ఎంపీలు ఏప్రిల్‌లో ఏర్పాటు చేసుకున్న జాతీయ ఐక్యతా ప్రభుత్వం, జూన్ 3న రోహింగ్యాలను ఆ పేరుతోనే పిలిచి, 1982 చట్టాన్ని మారుస్తామని ప్రకటించింది. సూచీ ప్రభుత్వంలో ఆ పేరు పలకడానికే అధికారులు ఇష్టపడేవాళ్లు కాదు.

[తెర మీద: సగాయింగ్, కాలిన ఊరు]

నగరాల్లో కాల్పులు పెరిగాక యువత కొండలకు వెళ్లింది. ఏ కరెన్, కచిన్ జనాన్ని దేశద్రోహులని స్కూల్లో చదువుకున్నారో, వాళ్ల దగ్గరే ఆయుధం పట్టడం నేర్చుకుంది. పల్లెల్లో ప్రజా రక్షణ దళాలు పుట్టాయి. అన్నిటికంటే ఎక్కువగా పుట్టింది ఇందాక చూసిన కంది చేల మధ్యే, సగాయింగ్‌లో, మాగ్వేలో.

అప్పుడు సైన్యం నాలుగు కోతల పద్ధతిని అక్కడికి తెచ్చింది. ధాన్యం కాల్చింది, ఇళ్లు కాల్చింది, పశువులను చంపింది. 2022 సెప్టెంబర్ 16న లెట్ యెట్ కోన్ ఊళ్లో బడి మీద హెలికాప్టర్ కాల్పుల్లో కనీసం 11 మంది పిల్లలు చనిపోయారు. 2023 ఏప్రిల్ 11న పాజిగీ ఊళ్లో జనం ఒకచోట చేరి ఉండగా విమానం బాంబు వేసింది. 150 మందికి పైగా పోయారు. దేశమంతా కలిపి ఇల్లు వదిలినవాళ్లు 30 లక్షలు దాటారు. అంత కరువు నేలలో ఒక్క పంట పోతేనే రైతు ఎలా అవుతాడో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

2023 అక్టోబర్ 27న ఉత్తరాన మూడు జాతుల సేనలు కలిసి దాడి చేసి, కొన్ని నెలల్లో సైన్యం నుంచి ఎన్నో పట్టణాలు తీసుకున్నాయి. మనుషులు సరిపోక 2024 ఫిబ్రవరిలో సైన్యం నిర్బంధ సైనిక సేవా చట్టాన్ని అమల్లోకి తెచ్చింది. రఖైన్‌లో రోహింగ్యా కుర్రాళ్లను కూడా పట్టుకెళ్లి తుపాకీ ఇచ్చి అరాకాన్ ఆర్మీ మీదికి తోలింది. పౌరులే కాదన్నవాళ్లను సిపాయిలుగా వాడుకుంది.

అరాకాన్ ఆర్మీ రఖైన్ బౌద్ధుల సేన. సైన్యాన్ని ఆ రాష్ట్రంలో చాలావరకు ఓడించింది వాళ్లే. 2024లో బుతిడాంగ్ పట్టణం కాలింది, ఆగస్టు 5న నాఫ్ ఒడ్డున పారిపోతున్న రోహింగ్యాల మీద డ్రోన్లు, ఫిరంగి గుండ్లు పడ్డాయి. బాధితులు వేలెత్తి చూపింది అరాకాన్ ఆర్మీ వైపు. ఆ సంస్థ ఒప్పుకోలేదు. సైన్యంతో పోరాడుతున్నారు కాబట్టి వీళ్లందరూ మంచివాళ్లే అని చెప్పి వీడియో ముగించడం సులువు. అలా చెబితే బంగ్లాదేశ్ కాక్స్ బజార్ క్యాంపుల్లో ఉన్న పది లక్షల మందికి పైగా జనాన్ని మనం కూడా లెక్కలోంచి తీసేసినట్టే.

1982 చట్టాన్ని మారుస్తామన్న హామీ అమలు కావాల్సిన చోట్లు బుతిడాంగ్, మాంగ్‌డా. ఆ రెండూ 2024లో అరాకాన్ ఆర్మీ చేతికి వచ్చాయి. హామీ ఇచ్చిన ఐక్యతా ప్రభుత్వం మాట వినాల్సిన అవసరం అరాకాన్ ఆర్మీకి లేదు. రోహింగ్యాలు ఇంటికి వెళ్లాలంటే ఇప్పుడు ఒప్పుకోవాల్సింది వాళ్లే.