నొప్పి తెలియని పాదం

సభకు నమస్కారం. కోవూరు మాగాణుల్లో నాట్లు వేసేవారైనా, ఇస్కపల్లి ఉప్పు మడుల్లో దిగేవారైనా, చీమకుర్తి క్వారీల్లో బండల మధ్య తిరిగేవారైనా, పని ముగించి ఇల్లు చేరాక కాళ్ళమీద నీళ్ళు పోసుకుంటారే గాని అరికాలు తిప్పి చూసుకోరు. షుగరు ఉన్నవారికి ఆ చూపే అసలైన రక్ష. అందుకే ఈరోజు వారి పాదాల గురించే మాట్లాడుతున్నాను.

రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి అదుపు తప్పితే నరాలు దెబ్బతింటాయి. ఒంట్లో అన్నిటికన్నా పొడవైన నరాలు కాలివేళ్ళ దాకా సాగేవే గనుక తిమ్మిరి, మంట ముందు అక్కడే మొదలై, క్రమంగా స్పర్శే పోతుంది. మంట తగ్గిందని సంతోషించేవారిని చూస్తే నాకు భయం వేస్తుంది. అది నయం కావడం కాక, నరం మొద్దుబారడం కావచ్చు. అలాంటి పాదంలో తుమ్మముల్లు దిగినా తెలియదు, చెప్పు జారిపోయినా తెలియదు. పైగా చెమట తగ్గి మడమలు పగులుతాయి, రక్తనాళాలు సన్నబడితే చిన్న పుండు కూడా మానదు.

రాత్రి పడుకోబోయే ముందు కాలు మోకాలి మీద వేసుకుని వెలుతురులో చూడండి. అరికాలు కనిపించకపోతే నేలమీద అద్దం పెట్టుకోండి, లేదా మనవడిని పిలవండి. చిటికెనవేలి పక్క సందును వేళ్ళతో విడదీసి చూడాలి. చర్మం తెల్లగా నానినట్లుంటే క్రిములకు అదే దారి. కడిగాక ఆ సందులను మెత్తని గుడ్డతో తుడవండి. కొబ్బరినూనె మడమలకు మంచిదే, వేళ్ళ సందుల్లో మాత్రం వద్దు. ఆనెకాయలను బ్లేడుతో కోసుకోవద్దని చేతులు జోడించి వేడుకుంటున్నాను. వాటి అడుగున పైకి కనపడని పుండు ఉండవచ్చు.

మాలకొండ నరసింహస్వామి గుడిలో శనివారమే దర్శనం గనుక ఎండ ఎంతున్నా మనవారు ఆగరు. భక్తిని కాదనను, స్పర్శ లేనివారు మాత్రం రాయి కాలకముందే, తెల్లవారుజామున వెళ్ళిరండి.

పాదాలు సాయంత్రానికి కొంత వాస్తాయి గనుక చెప్పులు అప్పుడే కొనండి. ఎం.సి.ఆర్. అనే మెత్తని రబ్బరు అడుగు, వెనక పట్టీ ఉన్నవి మేలు. ఏడాదికొకసారైనా డాక్టరు చేత 10 గ్రాముల నైలాన్ దారపు పరీక్ష, అంటే దారం అరికాలికి ఆనించి స్పర్శ తెలుస్తోందో లేదో చూసే పరీక్ష, చేయించుకోండి.

పుండు కనిపిస్తే నొప్పి లేదు కదా అని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. కట్టు కట్టించుకుని ఆ సాయంత్రమే చేనుకు నడిచిపోతే ఎంత మంచి మందైనా పనిచేయదు. మానేదాకా ఆ కాలిమీద బరువు పడకుండా చూడడం ఇంటిల్లిపాది బాధ్యత.