జేబు తడుముకోని జవాబు

అందరికీ నమస్కారం. అనంతపురంలో మాట్లాడుతూ శనక్కాయ ఊసెత్తకపోతే బాగుండదు. సర్వేలో జనం నోటితో చెప్పే ధరను ఎంత నమ్మొచ్చన్నది ఇవాళ్టి మాట, దాన్ని శనక్కాయతోనే మొదలుపెడతాను.

కల్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో రచ్చకట్ట మీద కూర్చుని రైతులకు కార్డులు చూపించాం. ఒక్కో కార్డు మీద రెండు విత్తనాలు. ఒకటి బెట్టకు తట్టుకుంటుంది, పశువుల మేతకు కట్టె బాగా వస్తుంది, ధర ఎక్కువ. రెండోది చౌక, వాన ముఖం చాటేస్తే ఎండిపోతుంది. మూడో గడిలో ‘రెండూ వద్దు’. గుణాలు, ధరలు మారుస్తూ 8 కార్డులు అడిగితే ఏ గుణానికి రైతు ఎంత పెడతాడో లెక్క తేలుతుంది. దీన్నే ఛాయిస్ ఎక్స్‌పెరిమెంట్ అంటాం.

ఒక పెద్దాయన 8 కార్డుల్లోనూ ఖరీదైనదానికే టిక్కు పెట్టించాడు. ‘జూన్‌లో నిజంగా కొంటావా తాతా?’ అన్నాను. ‘అది వేరే మాట నాయనా. నువ్వడిగింది ఏది మంచిదని గదా! కొనేదానికైతే ఇంట్లో అడగల్ల, బాకీలు చూసుకోవల్ల’ అన్నాడు.

మాటలు కోటలు దాటుతాయంటారు గానీ ఆయన కోతలు కోయలేదు. మేమడిగిన ప్రశ్నలో ఇల్లూ లేదు, బాకీలూ లేవు. హైపోథెటికల్ బయాస్ అంటే ఇదే. 2005లో ఆర్థికవేత్త మర్ఫీ బృందం 28 అధ్యయనాలను కలిపి చూస్తే, నోటితో చెప్పిన విలువ నిజంగా పెట్టినదానికి 1.35 రెట్లు ఉంది. అది మీడియన్, అంటే వరుసలో పెడితే సరిగ్గా మధ్యన నిలిచే అంకె. కొన్నిచోట్ల తేడా చాలా పెద్దది.

ఈ తేడాను తగ్గించే దారులున్నాయి. ‘ఇలాంటి సర్వేల్లో జనం ఎక్కువ చెప్పేస్తుంటారు, మీరు నిజంగా కొంటున్నట్టే చెప్పండి’ అని ముందే హెచ్చరించడం ఒకటి. దీనికి చీప్ టాక్ అని పేరు. 1999లో కమింగ్స్, టేలర్ అనే ఆర్థికవేత్తలు దీంతో మంచి ఫలితం చూపించారు. కానీ 2001లో జాన్ లిస్ట్ అనే ఇంకో ఆర్థికవేత్త ఆటగాళ్ల బొమ్మల కార్డుల సంతలో పరీక్షిస్తే, ఆ వ్యాపారంలో ఆరితేరిన డీలర్ల మీద అది పనిచేయలేదు. ఏటా విత్తనం కొనే మన రైతు కూడా డీలర్ లాంటివాడేనని నా అనుమానం.

జవాబు చెప్పాక ‘ఎంత గ్యారంటీ, 10కి ఎన్ని మార్కులు?’ అని అడిగి, తక్కువ మార్కుల ‘అవును’లను ‘కాదు’గా మార్చడం ఇంకో పద్ధతి. గీత 7 దగ్గర గీయాలా, 8 దగ్గరా అన్నది మన చేతిలోనే ఉండటం నాకు నచ్చదు. నిజమే చెబుతానని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టించినవాళ్లూ ఉన్నారు. మన ఊళ్లలో ఒట్టు వేయమంటే మనిషి లేచిపోతాడు!

‘మీ జవాబును బట్టే నిర్ణయం’ అని నమ్మించడం మంచిదే, అది నిజమైతే. ఇక్కడ ఇంకో చిక్కు: ధర తన జవాబును బట్టే పెడతారనుకుంటే రైతు తగ్గించి చెబుతాడు, సబ్సిడీ వస్తుందనుకుంటే అన్నిటికీ సరే అంటాడు.

నాకు నమ్మకం కుదిరింది అసలు డబ్బుతోనే. ఇంకా తవ్వని చెరువుకు ఇది కుదరదు, విత్తనానికి కుదురుతుంది. మరుసటి ఏడు తలా 300 రూపాయలు చేతికిచ్చి, చీటీలో ఏ కార్డు వస్తే ఆ కార్డులో ఎంచుకున్నది, అక్కడ రాసిన ధరకే కిలో కొనాలన్నాం. మిగిలిన డబ్బు వాళ్లదే. అదే పెద్దాయన మొదటి కార్డు దగ్గరే ఆగిపోయాడు. సంచిలో చెయ్యి పెట్టి గుప్పెడు గింజలు తీశాడు. ఒకటి కొరికాడు, ఇంకోదాని పొట్టు నలిపాడు. ‘ఇది పోయినేటి విత్తనం గదా?’ అన్నాడు.

ముందటేడు ఆ ప్రశ్న మమ్మల్ని ఎవరూ అడగలేదు.